కల్లు: పశ్చిమ ప్రకాశం మెట్టనేల పానీయం

తాడి, ఈత చెట్ల నుంచి కారే తియ్యటి నీరు తనంతట తాను పులిస్తే అది కల్లు. ద్రాక్షను తొక్కినట్టు దీన్ని తొక్కే పని లేదు, ధాన్యంలా ఉడకబెట్టే పని లేదు, సారాలా బట్టీ పెట్టే పని అసలే లేదు. చెట్టుకు గాటు పెట్టి కుండ కట్టాక మిగతాదంతా గాలి, ఎండ, కుండ లోపలి చెమ్మ చూసుకుంటాయి. నల్లమల తూర్పు వాలు నుంచి మార్కాపురం, కంభం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి మెట్టల దాకా పరుచుకున్న పశ్చిమ ప్రకాశంలో రైతులూ కూలి జనమూ తరతరాలుగా తాగుతూ వచ్చింది దీన్నే. అయినా కల్లు గురించి రాసినవాళ్ళు ఎక్కువగా మత్తు గురించో, పన్ను గురించో, గీత వృత్తి గురించో రాశారు. దాని రుచి ఎలాంటిది, ఆ రుచి ఎక్కడి నుంచి వస్తుంది, ఏ తిండితో నప్పుతుంది అన్న ప్రశ్నలు పక్కనే ఉండిపోయాయి. చిలీ దేశం నుంచి వచ్చే ఎర్ర వైన్ సీసా మీద లోయ పేరు, ద్రాక్ష పేరు, పంట ఏడాది ఉంటాయి. చాలాసార్లు ఏ కూరతో తాగితే బాగుంటుందో కూడా వెనక అచ్చు వేసి ఉంటుంది. ఆ సీసాను చదివే కొలతలతోనే కల్లు ముంతనూ చదవవచ్చని, చదివితే రెంటి మధ్య అసలు తేడా గుణంలో కాక నిలవలో ఉందని తేలుతుందని ఈ వ్యాసం వాదన.

చిలీ వైన్లలో కార్మెనేర్ అనే రకం కథ ఈ వాదనకు దగ్గరి సాక్ష్యం. ఈ నల్లద్రాక్ష పుట్టిల్లు ఫ్రాన్సులోని బోర్డో. 19వ శతాబ్దం నడిమికాలంలో చిలీ భూస్వాములు అక్కడి నుంచి తెప్పించుకున్న తీగల్లో ఇదీ ఉంది. 1860ల నుంచి ఫిల్లోక్సెరా అనే వేరుపురుగు ఫ్రాన్సు తోటల్ని తినేసింది. మళ్ళీ నాటుకున్నప్పుడు, పూత నిలవదనీ ఆలస్యంగా పండుతుందనీ కార్మెనేర్‌ను అక్కడి రైతులు దాదాపు వదిలేశారు. ఆ పురుగు చేరని చిలీలో తీగ బతికింది, పేరు మాత్రం పోయింది. మెర్లో అనే మరో ద్రాక్షతో కలిసిపోయి ఆ పేరు మీదే ఏళ్ళ తరబడి కోతకు వచ్చింది. 1994 నవంబరు 24న జాన్ మిషెల్ బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త మైపో లోయలోని కార్మెన్ తోటలో తీగల్ని పరిశీలించి, ఇది మెర్లో కాదు, కార్మెనేర్ అని తేల్చాడు. 1998లో చిలీ ప్రభుత్వం దాన్ని వేరే రకంగా గుర్తించింది. ఇవాళ ఆ పేరు వినగానే వైన్ తెలిసినవారికి చిక్కటి ఎరుపు, ఆల్‌బుఖారా పండు, మిరియాల ఘాటు, కాల్చిన క్యాప్సికం వాసన, నాలుక మీద మెత్తగా పట్టే వగరు గుర్తుకొస్తాయి. ఆ క్యాప్సికం వాసన పిరజైన్లు అనే పదార్థాలది. కాయ తొందరపడి కోస్తే పచ్చివాసన ముంచేస్తుంది, తీగ మీదే బాగా పండనిస్తే అణిగి మిరియం వైపు జరుగుతుంది. ఈ గుణమంతా 1994కు ముందూ ఆ తీగలో ఉంది. లేనిదల్లా దాన్ని విడిగా చూసిన కన్ను, పెట్టిన పేరు. పేరు పెట్టి వర్ణించనంత మాత్రాన పానీయానికి గుణం లేదని అనలేమనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ అక్కర్లేదు.

చిలీకి కల్లు కూడా కొత్తది కాదు. అక్కడి మధ్యభాగపు కొండల్లో తాడిజాతికే చెందిన ఒక లావుపాటి చెట్టు పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం జుబేయా చిలెన్సిస్, ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు చిలీ వైన్ పామ్. చార్లెస్ డార్విన్ 1834 ఆగస్టులో లా కంపానా కొండ ఎక్కినప్పుడు ఈ చెట్లను చూసి, వాటి నీరు తీసే పద్ధతిని తన యాత్రా గ్రంథంలో వివరించాడు. చెట్టును నరికి, తల వాలుకు ఎగువన ఉండేలా పడగొడతారు. మట్టలు కొట్టేస్తే మొదలైన ధార నెలల తరబడి కారుతుంది. అయితే రోజూ పొద్దున కోసిన చోట పలుచని పొర చెక్కి కొత్త గాయం తెరవాలి. మంచి చెట్టు 90 గ్యాలన్లు ఇస్తుందనీ, ఎండ తీక్షణంగా ఉన్న రోజు ధార పెరుగుతుందనీ రాశాడు. ఆ రోజువారీ పలుచని చెక్కుడును మన గీత కార్మికుడు చూస్తే తన పనేనని వెంటనే పోల్చుకుంటాడు. తేడా ఒక్కటి, అది చాలా పెద్దది. అక్కడ చెట్టు చచ్చి నీరు ఇచ్చేది, ఇక్కడ చెట్టు బతికుండి ఇస్తుంది. అలా నరుకుతూ పోయినందువల్ల చిలీలో ఆ చెట్లు బాగా తగ్గిపోయి, రక్షణ కల్పించాల్సి వచ్చింది. చెట్టును చంపకుండా ఏటేటా నీరు తీయగలగడం కల్లుగీతలోని విద్యకు కొలత.

ఆ విద్య తాడికి ఒక తీరు, ఈతకు మరో తీరు. తాడిలో నీరు వచ్చేది పూగెల నుంచి. పోతుతాడికైనా పెంటితాడికైనా గెల తొడగగానే దాన్ని మెత్తగా నలిపి, కట్టి, కొస కోసి కుండ తగిలిస్తారు. తర్వాత రోజుకు రెండు మూడు సార్లు చెట్టెక్కి ఆ కొసను పొర మందాన చెక్కుతారు. కత్తి కాస్త లోతుకు దిగితే గెల త్వరగా అయిపోతుంది, పైపైన గీస్తే ధార మూసుకుపోతుంది. ఈతలో గెలతో పనిలేదు. మొవ్వు కింద ఒక పక్క మట్టలు కొట్టి, మెత్తని కాండానికే గాటు పెడతారు. ఒక ఏడు ఒక పక్క గీస్తే మరుసటి ఏడు ఎదురు పక్క గీయాలి, లేకపోతే చెట్టు వంగిపోయి ఎండుతుంది. అందుకే గీసిన ఈతచెట్టు బోదె మెలికలు మెలికలుగా కనిపిస్తుంది. ఆ మెలికలు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో చెప్పవచ్చు. ఈత చలికాలపు చెట్టు, తాడి ఎండాకాలపు చెట్టు. కార్తీకం నుంచి మాఘం దాకా ఈతకల్లు, ఆ తర్వాత ఎండలు ముదిరే కొద్దీ తాటికల్లు. వైన్‌కు ఏడాదికొక కోత. కల్లుకు ఏడాదిలో రెండు రుతువులు, రోజులో రెండు మూడు కోతలు. ఎండాకాలం తాటికల్లు గురించి చెప్పేటప్పుడు ఇది పొద్దుటి కుండా సాయంత్రం కుండా అని అడగకుండా ఏమీ తేల్చలేం.

చెట్టు నుంచి దిగే నీటిలో సుమారు 10 నుంచి 14 శాతం చక్కెర ఉంటుంది. అప్పుడది దాదాపు పులుపు లేని తీపి. కుండ లోపల సున్నం పూసి ఉంచితే చాలాసేపు అలాగే నిలుస్తుంది. దాన్నే నీరా అంటారు. సున్నం లేని కుండలో మాత్రం, నిన్నటి కల్లు తడి అంటి ఉన్న అంచుల నుంచీ గాలి నుంచీ చేరిన ఈస్టులు గంటల్లో పని మొదలుపెడతాయి. శాకరోమైసిస్ ఈస్టు చక్కెరను ఆల్కహాల్‌గా, బొగ్గుపులుసు గాలిగా మారుస్తుంది. నురగ ఆ గాలిదే. లాక్టిక్ ఆమ్లపు బాక్టీరియా పులుపునూ తెల్లటి చిక్కదనాన్నీ తెస్తుంది. జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా ఆల్కహాల్ తయారీలో పాలుపంచుకుంటుంది. ఎసిటిక్ బాక్టీరియా చివరన వచ్చి అంతటినీ వెనిగర్ వైపు లాగుతుంది. మొదటి కొన్ని గంటల్లో 4–5 శాతానికి చేరే ఆల్కహాల్ ఆ తర్వాత కొంచెం పెరిగి ఆగుతుంది. కార్మెనేర్‌లో అది 13–14 శాతం. ఇక్కడే నేల ప్రభావం ప్రవేశిస్తుంది. పశ్చిమ ప్రకాశం వానకు మొహం వాచిన సీమ. గుండ్లకమ్మ, సగిలేరు పరీవాహకాలు దాటితే చెట్టుకు అందే తేమ తక్కువ. మే నెలలో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. ఈస్టుకు వెచ్చదనం కొరడా లాంటిది. మాఘమాసపు తెల్లవారుజామున గంటలు పట్టే మార్పు వైశాఖంలో చూస్తుండగానే జరిగిపోతుంది. కాబట్టి చలికాలపు ఈతకల్లు తీపి నిలుపుకుని తీరిగ్గా పులుపెక్కుతుంది, ఎండాకాలపు తాటికల్లు పొంగి, ఘాటెక్కి, మధ్యాహ్నానికే పుల్లబడుతుంది. వైన్ ప్రపంచం నేల, వాతావరణం, చేతి పని కలిసి ఇచ్చే ఈ గుణానికి పెద్ద పేరు పెట్టుకుంది. కల్లులో ఆ మూడూ ఉన్నాయి. పైగా వాటి పని ఒక్క రోజులోనే కంటికి కనిపిస్తుంది.

దీనికి మొదటి అభ్యంతరం ఇలా వస్తుంది: నిలవ ఉండనిదానికి గుణం ఎలా నిర్ణయిస్తారు? వైన్ సీసాను ఐదేళ్ళ తర్వాత కూడా తెరిచి, నిరుటి సీసాతో పోల్చి చూడవచ్చు. కల్లును పోల్చడానికి రేపు ఉండదు కదా. ఈ అభ్యంతరంలో నిజం ఉంది, కానీ అది గుణం మీద కాక గుణాన్ని నమోదు చేసే పద్ధతి మీద పడుతుంది. వైన్‌కు పేరు తెచ్చింది ద్రాక్ష తొక్కలోని వగరు, పులుపు, ఆల్కహాల్ కలిసి దాన్ని కాపాడటం. అలా కాపాడబడినది ఓడ ఎక్కింది, ఓడ ఎక్కినదానికి పేరు కావలసివచ్చింది. కల్లుకు తొక్క లేదు, వగరు లేదు, దానిలోని ఈస్టు పని ఆపదు; కాబట్టి అది ఊరి పొలిమేర దాటలేదు, దాటనిదానికి చీటీ అంటించే అవసరం రాలేదు. తాగేవాళ్ళు మాత్రం పోల్చకుండా లేరు. తీపికల్లు, పుల్లకల్లు, పొద్దుటిది, పొద్దుగూకినది, పోతుతాడిది, పెంటితాడిది, ఒకే చెట్టుది, కలగలుపుది అని విడదీసి అడిగేవాళ్ళు ఆ మాటలను ఊరికే పుట్టించలేదు. ఈ మాటలన్నీ తేడా నాలుకకు తెలిసినందువల్లే పుట్టాయి. కల్లు అనే మాట కూడా తమిళ, కన్నడాల్లో దాదాపు ఇదే రూపంలో ఉన్న పాత ద్రావిడ మాట. తెలుగు భాష కల్లునూ సారానూ ఎన్నడూ ఒకటి చేయలేదు. పులిసింది కల్లు, బట్టీ పెట్టింది సారా. నేడు ఊళ్ళలో వైన్ షాపు అనే బోర్డు కింద అమ్ముడయ్యేదంతా దాదాపు బట్టీ సరుకే. అసలు వైన్‌కు దగ్గరి చుట్టం అయిన కల్లుకు ఆ షాపులో చోటు లేదు. భాష జాగ్రత్తగా కాపాడిన విభజనను వ్యాపారపు బోర్డు చెరిపేసింది.

ఇక తిండి. వైన్ పుస్తకాలు ఒక అధ్యాయమంతా రాసే సంగతిని తెలుగు ఒక్క మాటలో పట్టుకుంది: నంజుకోవడం. ప్రధానమైనదాన్ని నిలబెట్టడానికి పక్కన కొద్దికొద్దిగా కొరికేది నంజు. కార్మెనేర్‌కు చిలీలో నంజు ఏమిటో చూస్తే లెక్క అర్థమవుతుంది. నిప్పుల మీద కాల్చిన గొడ్డు మాంసం, ఉల్లిపాయతో వండిన మాంసపు ఖైమా కూరిన ఎంపనాడాలు, మొక్కజొన్న ముద్దతో కప్పి కాల్చే పాస్తెల్ దె చోక్లో. అన్నిటిలోనూ కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువ, మిరపకారం తక్కువ. ఎర్ర వైన్‌లోని వగరు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసి నోరు ఆరిపోయేలా చేస్తుంది. మాంసం దానికి ఎదురు ప్రోటీన్ ఇచ్చి మెత్తబరుస్తుంది. ఇదే సీసాను మార్కాపురం ప్రాంతపు నాటుకోడి పులుసు పక్కన పెడితే లెక్క తిరగబడుతుంది. నోటిలో వేడినీ కారాన్నీ పట్టే గ్రాహకం ఒకటే. మామూలుగా సుమారు 42 డిగ్రీల దగ్గర మేలుకునే ఆ గ్రాహకం ఆల్కహాల్ తగిలితే 34 డిగ్రీల దగ్గరే మేలుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. అంటే ఒంటి వేడికే నోరు మండినట్టు అనిపిస్తుంది. పద్నాలుగు శాతం వైన్ మిరపకారానికి నిప్పు రాజేస్తుంది, వగరు దాన్ని పట్టి ఉంచుతుంది, చింతపండు పులుపు వైన్‌ను చప్పగా చేస్తుంది. వైన్ చెడ్డదై కాదు. అది వేరే వంటింటి కోసం ఎదిగింది.

కల్లు ఎదిగింది ఈ వంటింటి పక్కనే. ఆల్కహాల్ వైన్‌లో మూడో వంతు కాబట్టి కారాన్ని అంతగా ఎగదోయదు. వగరు లేదు కనుక కారం అతుక్కుని కూర్చోదు. మిగిలిన తీపి మంటను తగ్గిస్తుంది, లాక్టిక్ పులుపు చింతపండుకూ గోంగూరకూ ఎదురు నిలబడుతుంది, నురగ నాలుక మీది నూనెను కడిగేస్తుంది. మెట్ట పంటల తిండి ఎలాంటిదో కూడా చూడాలి. జొన్నరొట్టె, సజ్జరొట్టె, రాగిసంకటి, కొర్రన్నం, కందిపప్పు, అలసంద గుగ్గిళ్ళు, ఉలవ గుగ్గిళ్ళు, వేరుశెనగ పచ్చడి. పొడిగా, బరువుగా, ఉప్పూ కారమూ గట్టిగా పట్టించి తినే తిండి ఇది. జొన్నరొట్టెను పచ్చిమిరప నూరుడుతో తిన్నప్పుడు గొంతులో మిగిలే పొడిదనానికి తీపి తగ్గని పొద్దుటి కల్లు సరిపోతుంది. గుగ్గిళ్ళకు కొంచెం పులుపెక్కిన పూట బాగుంటుంది, ఎందుకంటే ఉప్పు పులుపును మెత్తబరుస్తుంది. వేటమాంసానికీ తలకాయ కూరకూ బోటికీ సాయంత్రం కల్లు కావాలి. ఆ కొవ్వును కోయడానికి పూర్తి పులుపూ పొంగూ ఉండాలి. కంభం చెరువు చేపల పులుసుకు మాత్రం నడిమి కల్లే నయం. మరీ పుల్లనిదైతే పులుసుతో పోటీ పడుతుంది, మరీ తియ్యనిదైతే చేప నీచును ఎత్తి చూపుతుంది.

ఎండుచేపల సంగతి వేరేగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఎర్ర వైన్ పూర్తిగా ఓడిపోయే చోటు అదే. జపాన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఎర్ర వైన్‌లో కరిగి ఉండే ఇనుము చేపల కొవ్వుతో కలిసి నోట్లో నీచు వాసన పుట్టిస్తుందని చూపారు. ఇనుము ఎంత ఎక్కువుంటే వాసన అంత గట్టిది. ఎండిన చేపలో కొవ్వు అప్పటికే గాలికి మారి ఉంటుంది కాబట్టి దాని పక్కన ఎర్ర వైన్ నిలవదు. కోస్తా నుంచి ఘాట్లూ మెట్టలూ దాటి సంతలకు వచ్చే ఎండుచేపలు మాత్రం కల్లు దుకాణం దగ్గర ఎన్ని తరాలుగానో కాలుతున్నాయి. నిప్పుల మీద కాల్చి, ఉప్పు దులిపి, తాటాకు దొన్నెలోని పుల్లకల్లుతో తినే ఎండుచేప ఈ సీమ నంజుల్లో అన్నిటికన్నా తీర్చిదిద్దినదని నేను అనుకుంటాను. ఉప్పు, పొగ, పులుపు, నురగ ఒకదాన్నొకటి సరిచేసుకునే తీరు ఏ వైన్ పుస్తకంలోని జోడీకీ తీసిపోదు. వైన్‌లో తిండికి తగ్గ సీసా ఎంచుకుంటారు. కల్లులో తిండికి తగ్గ గంట ఎంచుకుంటారు. ఒకే కుండ పొద్దున ఒక పానీయం, మధ్యాహ్నం మరొకటి, పొద్దువాలాక ఇంకొకటి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం రుచికి సంబంధించింది కాదు. తాగుడు కుటుంబాల్ని కూల్చిన సీమలో తాగేదాని రుచి వర్ణించడం ఎంత వరకు న్యాయం? ఈ ప్రశ్నను తోసిపుచ్చే హక్కు ఎవరికీ లేదు. పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభంలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ మద్యనిషేధానికీ దారితీసింది. అయితే ఆ తల్లులు ఏ పేరు పెట్టి పోరాడారో గమనించాలి. వాళ్ళ పోరాటం సారా మీద. 1980ల్లో వారుణి వాహిని పేరుతో ప్యాకెట్లలో ఊరూరికీ చేరిన బట్టీ సరుకు మీద. ప్యాకెట్ సారాకు రుతువు లేదు, పూట లేదు, అమ్మేవాడికి చెట్టుతో పనిలేదు. చెట్టు ఇచ్చినంతే ఉండే, రాత్రికి పాడయ్యే పానీయానికి తనలోనే ఒక హద్దు ఉంది. ఆ హద్దును చెరిపిందే ప్యాకెట్టు. అలాగని కల్లు నిరపాయమని చెప్పడం లేదు. ఆల్కహాల్ ఏ రూపంలో ఉన్నా కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధన విభాగం 1988లోనే వర్గీకరించింది. నాలుగు శాతమైనా ముంతలు పెరిగితే కాలేయానికి లెక్క ఒకటే. తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని సామెత పుట్టిన సమాజం ఊరికే భయపడలేదు. నా వాదన ఇంతవరకే: హానిని కొలవాలంటే కూడా పానీయాల్ని విడదీసి చూడటం అవసరం. కల్లు, సారా, బ్రాందీ అన్నీ ఒకటే మందు అనుకున్న చోట చట్టం కూడా గుడ్డిగానే నడిచింది.

ఆ గుడ్డితనం ఎంత దూరం వెళ్ళిందో ప్రకాశం జిల్లా పేరే చెబుతుంది. మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం 1937లో సేలం జిల్లాతో మొదలై, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు పాకి, 1948కి రాష్ట్రమంతటా అమలైంది. కల్లూ సారాతో పాటే నిషిద్ధమైంది. గీత కార్మికుల బతుకు తెగిపోయింది. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడ్డాక, నిషేధం విఫలమైందని, దాన్ని పరిశీలించిన రామమూర్తి కమిటీ చెప్పింది. గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న పోరాటానికి దిగారు. 1954 నవంబరులో కర్నూలులో ఈ అంశం మీదే పెట్టిన అవిశ్వాస తీర్మానంలో ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. అప్పటికి మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. తన పేరున్న నేల మీది కల్లు విషయంలో పదవి పోగొట్టుకున్న ముఖ్యమంత్రి మరొకరు ఉన్నారని నేననుకోను. 1968 ఎక్సైజ్ చట్టం తర్వాత గీత సహకార సంఘాలు, గీసేవాడికే చెట్టు అన్న పద్ధతి వచ్చాయి. వృత్తిని అవి నిలబెట్టాయి కానీ, పానీయాన్ని నాణ్యత కొలిచే వస్తువుగా కాక పన్ను కొలిచే వస్తువుగానే చూశాయి.

కల్తీ సమస్య అక్కడి నుంచే పుట్టింది. చెట్లు ఇచ్చేదానికన్నా కొనేవాళ్ళు ఎక్కువైన చోట, ముఖ్యంగా పట్టణాల్లో, నీళ్ళలో చక్కెర, శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలిపి కల్లు పేరుతో అమ్మిన కేసులు తెలుగు రాష్ట్రాల్లో పదేపదే బయటపడ్డాయి. దానికి అలవాటుపడినవాళ్ళు అది ఆగిపోగానే వణుకు, మూర్ఛ, మతిభ్రమణతో ఆసుపత్రులకు చేరారు. దీన్ని చూపి కల్లునే తప్పుపట్టేవారికి జవాబు ఒకటే: అందులో చెట్టు నీరు లేదు, అది కల్లు కాదు. పులుపు, నురగ, రంగు, గంట తెలిసిన నాలుక కల్తీని ముందుగా అనుమానిస్తుంది. మత్తు ఒక్కటే కొలత అయిన చోట కల్తీకే గిరాకీ. రుచి గురించి రాయడం విలాసం కాదని నేను పట్టుబట్టేది ఇందుకే. శుభ్రత మాట కూడా దాచకూడదు. బంగ్లాదేశ్‌లో గబ్బిలాలు ముట్టిన పచ్చి ఈతనీరు ద్వారా నిపా వైరస్ మనుషులకు సోకింది. కుండ మూతికీ గాటుకూ వెదురు దడి కట్టి గబ్బిలాన్ని దూరం పెట్టడం అక్కడ ఫలితమిచ్చింది. చౌకగా చేయగల ఆ పని ఇక్కడా చేయాల్సిందే.

మరి కల్లును కూడా మరగబెట్టి సీసాలో పెట్టి ఎందుకు అమ్మకూడదు? కొన్ని దేశాలు అలా అమ్ముతున్నాయి కూడా. వేడి చేస్తే ఈస్టు చస్తుంది, పులుపు పెరగడం ఆగుతుంది, ఓడ ఎక్కించవచ్చు. కానీ నురగ పోతుంది, గంటగంటకూ మారే స్వభావం పోతుంది, ఉడికిన వాసన మిగులుతుంది. అసలు పులియనివ్వకపోవడం మరో దారి. గాంధీజీ నిషేధాన్ని గట్టిగా కోరుతూనే గీతవాళ్ళకు తియ్యటి నీరా, తాటిబెల్లం దారి చూపారు. నీరా, బెల్లం మంచి వస్తువులే, ముఖ్యంగా తాగనివాళ్ళకూ పిల్లలకూ. అయితే అవి కల్లుకు బదులు కావు, తోడు. నల్లమల చెంచుల ఇప్పపువ్వు సంగతి వేరు. పువ్వుగా తిన్నప్పుడు అది ఆహారం, బట్టీ పెడితే సారా. కల్లు లెక్కలో అది రాదు.

భౌగోళిక గుర్తింపు చట్టం దేశంలో వచ్చాక గోవా జీడిమామిడి ఫెనీకీ, ఎక్కువ రోజులు నిలవని తిరుపతి లడ్డూకీ కూడా 2009లో గుర్తింపు దక్కింది. కాబట్టి నిలవ ఉండకపోవడం అడ్డంకి అనలేం. కావలసింది ముందు నమోదు. ఏ చెరువు కట్ట మీది ఈత, ఏ వాగు ఒడ్డు తాడి, పోతుదా పెంటిదా, ఏ నెల, ఏ పూట, కుండ మట్టిదా ప్లాస్టిక్‌దా, గాటుకు ఎన్ని గంటలు, పక్కన నంజు ఏమిటి. ఈతచెట్టు ఐదారేళ్ళకు గీతకు వస్తుంది. తాడి పూయడానికి పన్నెండు, పదిహేనేళ్ళో అంతకన్నా ఎక్కువో పడుతుంది, ఆ తర్వాత మూడు తరాల మనుషుల్ని చూస్తుంది. పొలాలు చదును చేసేటప్పుడూ ఇటుక బట్టీలకు కట్టెలు కావలసివచ్చినప్పుడూ మొదట పడేవి ఆ చెట్లే. మెలికల బోదెతో గట్టున నిలబడ్డ ఈతలు కొన్ని ఇంకా ఉన్నాయి. వాటి మీది గాట్లు లెక్కపెట్టి, ఏ ఏడు ఏ పక్క గీశారో చెప్పగల చేతులు కూడా.